ల్యాప్‌టాపు కొందాం... అమ్మాయికి కూడా!

పిల్లల చదువులు ఒక్కో మెట్టు ఎక్కుతున్నకొద్దీ మన పోపుల డబ్బాలో దాచుకున్నది ఒక్కో మెట్టు దిగుతూ ఉంటుంది. ఇది ప్రతి ఇల్లాలికీ తెలిసిన లెక్కే. 2025 ఆగస్టులో మా ఇంట్లోనూ అదే జరిగింది.

మా అమ్మాయికి కౌన్సెలింగులో హైదరాబాదులో కంప్యూటర్ సైన్సు సీటొచ్చింది. మేముండేది ఖమ్మం. ఫీజు కట్టాం, హాస్టలు మాట్లాడాం, బకెట్టూ మగ్గూ దగ్గర్నుంచి అన్నీ కొన్నాం. ఇక మిగిలింది ల్యాప్‌టాపు.

"అమ్మా, చదువుకీ పనికి రావాలి, గేములు ఆడుకోడానికీ బాగుండాలి. అలాంటిది చూద్దాం" అంది.

"గేములెందుకే నీకు?" అనేశాను, కూర కలుపుతూ, వెనక్కి తిరక్కుండానే.

తను ఏమీ మాట్లాడలేదు. లోపలికెళ్లి బీరువాలోంచి బిల్లుల ఫైలు తెచ్చి, అందులోంచి ఓ కాగితం తీసి పొయ్యి పక్కన పెట్టింది. 2022లో పెద్దాడు ఇంజనీరింగులో చేరినప్పుడు కొన్న ల్యాప్‌టాపు బిల్లు అది. 72 వేల రూపాయలు. 'గేమింగ్ ల్యాప్‌టాప్' అని పైనే రాసి ఉంది.

"ఇది కొన్నప్పుడు అన్నయ్యనీ ఇలాగే అడిగావా అమ్మా?"

అడగలేదు. వాడు అదే కావాలన్నాడు, ఈయన సరేనన్నారు, నేను దేవుడి దగ్గర పెట్టి బొట్టు పెట్టాను. అంతే! గేములెందుకురా అన్న ప్రశ్న నాకసలు తట్టనే లేదు. మగపిల్లాడు ఆడుకుంటాడు, అందులో వింతేముంది అనుకున్నాను కాబోలు. ఆడపిల్ల ఆడుకుంటానంటే మాత్రం కారణం చెప్పాల్సి వచ్చింది.

సాయంత్రం మావారిదీ అదే ధోరణి. "నోట్సూ, ప్రాజెక్టులూ టైపు చేసుకోడానికి ఎంతది కావాలి? నలభై అయిదు వేలల్లో చూడండి" అన్నారు. ఆ నెలే నా చీటీ డబ్బు 90 వేలు చేతికొచ్చింది. ఆ డబ్బు నాది కాబట్టి ఈసారి సంగతేదో నేనే తేల్చుకుందామనుకున్నాను. ఎంత పెట్టాలన్నది తర్వాత. ముందు అసలు ఏం కొంటున్నామో తెలుసుకోవాలి కదా!

గేములంటే పేకాట కాదు

నిజం చెప్పొద్దూ, గేములనగానే నాకు గుండె దడ. ఫోన్లలో రమ్మీ ఆడి అప్పులపాలైనవాళ్ల కథలు ఎన్ని వినలేదు? మా అమ్మాయి ఓపిగ్గా విడమరిచి చెప్పింది. డబ్బు పెట్టి ఆడేవి వేరు, వినోదానికి ఆడేవి వేరు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణలో 2017లోనే, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో చట్టం చేసి నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ కలిపి చట్టం చేసింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా చూసి, ప్రోత్సహించాలంది. అంతకు ముందే 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-స్పోర్ట్స్‌ని క్రీడల శాఖ పరిధిలోకి తెచ్చింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో వాటికి పతకాలు కూడా ఇచ్చారు.

అలాగని అమ్మాయి పతకం తెస్తుందని నేను లెక్కలు వేసుకోలేదు. సాయంత్రం ఓ గంట స్నేహితులతో ఆడుకుంటే తప్పేమిటి? మనం సీరియల్ చూడమూ? నిద్ర మానేసి ఆడితే తప్పు. అది అన్నకైనా అంతే, చెల్లెలికైనా అంతే.

ముందు అడగాల్సింది కాలేజీని

కొట్టుకి పరిగెత్తే ముందు ఒక పని చేయండి. పిల్లలు చేరే బ్రాంచిలో ఏ సాఫ్ట్‌వేర్లు వాడతారో సీనియర్లని అడిగించండి. మేం అడిగిస్తే తేలింది ఇది:

కంప్యూటర్ సైన్సు వాళ్లకి మొదటి రెండేళ్లూ పెద్ద హంగులేం అక్కర్లేదు. ప్రోగ్రాములు రాసుకోడానికి మామూలు ల్యాప్‌టాపు చాలు. కృత్రిమ మేధ పాఠాలకి కూడా గూగుల్ కోలాబ్ లాంటి చోట్ల కొంతమేరకు ఉచితంగా పని నడుస్తుంది. మెకానికల్, సివిల్, ఆర్కిటెక్చర్ పిల్లల సంగతి వేరు. బొమ్మల్ని మూడు కోణాల్లో తిప్పి చూసే సాఫ్ట్‌వేర్లు వాళ్లవి. వాటికి విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే పని సాఫీగా సాగుతుంది.

ఇంకో మాట. ఆపిల్ ల్యాప్‌టాపులు తేలిక, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, చూడముచ్చటగా ఉంటాయి. కానీ సాలిడ్‌వర్క్స్, రెవిట్ లాంటివి విండోస్ కోసం చేసినవి. పిల్లలు మక్కువగా ఆడే వాలరెంట్ కూడా వాటిలో నడవదు. అందం చూసి కొని తర్వాత తల పట్టుకుంటే లాభం లేదు.

అంటే మా అమ్మాయి చదువుకి గ్రాఫిక్స్ కార్డు అత్యవసరం కాదని తేలిపోయింది! ఈ మాట తనే వచ్చి చెప్పింది. "అబద్ధం చెప్పనమ్మా, అది గేముల కోసమే" అంది. సీనియర్లు పేర్లు చెప్పి "ప్రాజెక్టుకి కావాలి" అని నన్ను బురిడీ కొట్టించొచ్చు. కొట్టించలేదు. ఆ నిజాయితీకి నేను సగం కరిగిపోయాను.

మన వంటింటి భాషలో

ర్యామ్, ఎస్ఎస్‌డీ, ప్రాసెసర్ అంటూ వాళ్లు చెబుతుంటే మొదట్లో నాకు మంత్రాల్లా వినిపించాయి. తర్వాత నా భాషలోకి నేనే మార్చుకున్నాను.

ప్రాసెసర్ అంటే వంటమనిషి. ఎంత చురుకైనవాడైతే పని అంత తొందరగా తెములుతుంది. ఐ5, ఐ7, రైజెన్ 5, రైజెన్ 7 అని పేర్లుంటాయి. ఆ పేరు ఒక్కటీ చూస్తే సరిపోదు. అంకెల చివర అక్షరం చూడాలి. 'యు' అని ఉంటే కరెంటు పొదుపుగా వాడేది, 'హెచ్' అని ఉంటే బరువు పని చేసేది. గేములకి రెండోది మేలు.

ర్యామ్ అంటే వంటగట్టు. గట్టు ఇరుగ్గా ఉంటే ఎంత గొప్ప వంటమనిషైనా ఒక గిన్నె దించి ఇంకోటి పెట్టుకోవాల్సిందే. 8 జీబీ ఈ రోజుల్లో ఇరుకు గట్టు. 16 జీబీ ఉండాలి. పెద్దాడికి 8తో కొని, ఏడాది తిరక్కుండానే మరో 8 వేయించాం. కొన్ని పల్చటి ల్యాప్‌టాపుల్లో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచడానికి వీలుండదు. పైగా 2025 చివరి నెలల్లో మెమరీ చిప్పుల ధరలు బాగా ఎగబాకాయి. "తర్వాత వేయించుకోవచ్చు లెండి" అని కొట్టువాళ్లు అంటే, ఆ 'తర్వాత'కి ఎంతవుతుందో కూడా అక్కడే అడగండి.

ఎస్ఎస్‌డీ అంటే సామాన్ల అర. 512 జీబీ కంటే తగ్గొద్దు. పెద్ద గేము ఒక్కటే వంద జీబీ దాటి తినేస్తుంది. ఇంకో అర అమర్చుకోడానికి లోపల ఖాళీ ఉందా అని అడిగితే ఇంకా మంచిది.

ఇక గ్రాఫిక్స్ కార్డు. ఇది వెట్ గ్రైండరు. ఇద్దరు మనుషులకి దోసెల పిండి మిక్సీలో వేసుకుంటాం. అలాగే చాలా ల్యాప్‌టాపుల్లో ప్రాసెసర్‌తో పాటే చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది. వాలరెంట్, మైన్‌క్రాఫ్ట్ లాంటి తేలిక ఆటలు దాంతో ఆడుకోవచ్చు. పెళ్లివారికి గారెలు వేయాలంటే గ్రైండరు తీయాల్సిందే. పెద్ద గేములకి ఆర్‌టీఎక్స్ లాంటి విడి కార్డు కావాలి. గ్రైండరుకి ఉన్న గుణాలన్నీ దీనికీ ఉన్నాయి. బరువు, కరెంటు ఖర్చు, రొద, వేడి!

పేరొకటే, పస వేరు

సికింద్రాబాదులో పారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, అందులో అన్నీ కంప్యూటరు కొట్లే. అక్కడికి వెళ్లి నాలుగైదు షాపులు తిరిగాం. ఒక కొట్లో రెండు ల్యాప్‌టాపులు పక్కపక్కన పెట్టారు. రెండింట్లోనూ ఆర్‌టీఎక్స్ 4050 కార్డే. రెండూ 16 జీబీయే. ధరలో మాత్రం ఎనిమిది వేలు తేడా. నేనైతే తక్కువ ధరది పట్టుకొచ్చేసేదాన్నే.

మా అమ్మాయి అడిగింది, "దీంట్లో కార్డు ఎన్ని వాట్లండీ?" అని. కౌంటరు దగ్గరున్న అబ్బాయి నన్ను చూశాడు, తనని చూశాడు, లోపలికెళ్లి ఎవర్నో కనుక్కొచ్చాడు. ఒకటి 65 వాట్లు, ఇంకోటి 105 వాట్లు!

అప్పుడు నాకు వెలిగింది. మిక్సీ కొనేటప్పుడు మనం 500 వాట్లా, 750 వాట్లా అని అడక్కుండా కొంటామా? ఇదీ అంతే. 4050 కార్డునే ల్యాప్‌టాపు చేసేవాళ్లు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా బిగించుకోవచ్చు. బయట అంటించిన బొమ్మ మీద ఆ అంకె ఉండకపోవచ్చు. కంపెనీవాళ్ల వివరాల పట్టికలో వెతకాలి, లేకపోతే గట్టిగా అడగాలి. మిక్సీల వాట్లు అడిగే మనం ఇది మాత్రం ఎందుకడగకూడదు?

మూడు కిలోల బియ్యం పరీక్ష

గేమింగ్ ల్యాప్‌టాపు కొంటే వదులుకునేవీ ఉన్నాయి. అవి కొట్లో ఎవరూ చెప్పరు. మేం చూసినవి దాదాపు 2.3 కిలోలు. ఛార్జరు ఇటుకంత ఉంటుంది, దాని బరువు అరకిలో పైనే. బ్యాటరీ మీద క్లాసు పనే మూడు నాలుగు గంటలు వస్తే గొప్ప. గేము ఆడాలంటే ప్లగ్గు పెట్టాల్సిందే, బ్యాటరీ మీద దాని జోరు తగ్గిపోతుంది. అంటే ఛార్జరు కూడా మోసుకు తిరగాలి.

మా అమ్మాయికి హాస్టలు నుంచి కాలేజీకి బస్సు. అందుకే ఖమ్మంలో బయల్దేరే ముందే ఒక పరీక్ష పెట్టాను. కాలేజీ సంచిలో మూడు కిలోల బియ్యం మూట పెట్టి, "రోజంతా ఇది భుజాన వేసుకుని తిరుగు" అన్నాను. తిరిగింది. రైతుబజారుకి వెళ్లొచ్చింది, స్నేహితురాలింటికి వెళ్లొచ్చింది. సాయంత్రం భుజాలు పట్టుకుని కూర్చుంది. "మోయగలవా?" అంటే కాసేపు ఆలోచించి, "రోజూ మోయను. ల్యాబున్న రోజే తీసుకెళ్తా, మిగతా రోజులు నోటుపుస్తకం చాలు" అంది. అదీ తెలివైన జవాబే. రోజూ మోయక తప్పని పిల్లలైతే కిలోన్నర లోపు పల్చటిదే తీసుకోవడం మంచిది. గేములు కాస్త తగ్గుతాయి, నడుం మిగులుతుంది.

చీరని వెలుగులో చూసినట్టు

పట్టుచీర రంగు కొట్లో లైట్ల కింద నమ్ముతామా? గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూస్తాం. ల్యాప్‌టాపు తెరనీ అలాగే చూడాలి. పెద్దాడి దాంట్లో తెర వెలిసిపోయిన రంగుల్లో ఉంటుంది, పగలు కిటికీ పక్కన కూర్చుంటే అక్షరాలే కనపడవు. తెర వెలుగుని 'నిట్స్'లో చెబుతారు. 250 అంటే మసక, 300 దాటితే నయం. రంగులకి 'వంద శాతం ఎస్ఆర్‌జీబీ' అని ఉంటే నిశ్చింత. '144 హెర్ట్జ్' అంటే బొమ్మ సెకనుకి 144 సార్లు మారుతుంది, ఆటలో కదలికలు నునుపుగా ఉంటాయి. చదువుకి 60 చాలు. కీబోర్డు మీద కూడా అక్కడే నాలుగు వాక్యాలు టైపు చేయించండి. నాలుగేళ్లు వేళ్లు ఆడాల్సింది దాని మీదే.

వేడి సంగతి కూడా చెప్పాలి. ఇది మా అనుభవం. పెద్దాడు మంచం మీద, దుప్పటి మీద పెట్టుకుని ఆడేవాడు. గాలి పీల్చే చిల్లులు అడుగున ఉంటాయి, దుప్పటి వాటిని మూసేస్తుంది. రెండో ఏడు వచ్చేసరికి అది విమానంలా రొద చేస్తూ ఆగిపోవడం మొదలెట్టింది. విప్పి చూస్తే ఫ్యాన్లలో దూదీ, దుమ్మూ! శుభ్రం చేయించి తెచ్చాక బాగైంది. బల్ల మీదే పెట్టాలి, పరుపు మీద కాదు. ఈ చిన్న మాట ముందే తెలిస్తే ఆ ఖర్చు తప్పేది.

బిల్లు చేతికొచ్చే ముందు

అదే షాపులో పెట్టె విప్పించి, ఆన్ చేయించండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే 'టాస్క్ మేనేజర్' వస్తుంది. అందులో 'పెర్ఫార్మెన్స్' దగ్గర ర్యామ్ ఎంత, గ్రాఫిక్స్ కార్డు ఏది అన్నీ కనబడతాయి. చెప్పినవీ, ఉన్నవీ ఒకటేనా అని అక్కడే సరిచూసుకోవచ్చు. మా అమ్మాయి నా చేతే నొక్కించింది. ఆ మూడు మీటలూ ఇప్పుడు నాకు కంఠస్థం!

జీఎస్టీ బిల్లు లేకుండా తక్కువకిస్తామంటే వద్దనండి. వారంటీకి ఆధారం అదే. బిల్లు మీద సీరియల్ నంబరు, పెట్టె మీదది, ల్యాప్‌టాపు అడుగునున్నది ఒకటే కావాలి. హాస్టల్లో ఉండే పిల్లలకి కింద పడటం, నీళ్లు ఒలకడం మామూలు. దానికి వేరే రక్షణ ప్లాను ఉంటుంది, మామూలు వారంటీలోకి అది రాదు. విండోస్ ఉందా లేదా అన్నదీ అడగండి. అది లేకుండా తక్కువ ధరకి అమ్మేవీ ఉంటాయి.

పాతవి కొనేవాళ్లకి ఓ హెచ్చరిక. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. బాగా పాత ల్యాప్‌టాపులు విండోస్ 11కి మారలేవు. చౌకగా వస్తోందని తీసుకునే ముందు ఈ సంగతి చూసుకోవాలి.

చివరికి ఏం కొన్నాం?

ఆ రాత్రి హోటలు గదిలో కాగితం మీద లెక్క వేశాం. ఒక పక్క 52 వేలది. 16 జీబీ, విడి కార్డు లేదు, కిలోన్నర బరువు. చదువుకి నిక్షేపంలా సరిపోతుంది, తేలిక ఆటలూ ఆడొచ్చు. ఇంకో పక్క 84 వేలది, 105 వాట్ల కార్డుది. తేడా 32 వేలు. అది అచ్చంగా ఆట ఖరీదు.

మావారికి ఫోన్ చేశాను. "చదువుకి 52 వేలది చాలండి. మిగతాది గేములకే" అని ఉన్నదున్నట్టు చెప్పాను.

"మరి ఇంకేం, అదే తీసుకోండి."

"2022లో పెద్దాడికి కూడా చదువుకి మామూలుది సరిపోయేది. 72 పెట్టాం. తర్వాత ర్యామూ, రిపేరూ. వాడి ఆటకి పెట్టినప్పుడు మనిద్దరం ఒక్క మాట అనుకోలేదు. దీని ఆటకి మాత్రం లెక్క తీస్తున్నాం."

అవతల చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత, "నీ చీటీ డబ్బు, నీ కూతురు. నన్నడగడం దేనికి?" అన్నారు. కోపమో కాదో తెలీలేదు. కాసేపటికి మళ్లీ ఆయనే ఫోన్ చేసి, "కింద పడితే రిపేరు ప్లాను ఉంటుందటగా, అది కూడా తీసుకోండి. నేనిస్తాను" అన్నారు. అంతకంటే ఆయన ఒప్పుకోలు ఇంకెలా ఉంటుంది!

84 వేలదే కొన్నాం. మీరూ అదే కొనాలని నేననను. నా చేతిలో 90 వేలు లేకపోతే 52 వేలదే తెచ్చేదాన్ని, అందులో చిన్నతనమేమీ లేదు. అప్పు చేసి, వాయిదాల మీద వడ్డీ కట్టి ఆట కొనక్కర్లేదు. నేననేది ఒక్కటే. కొడుకుకీ కూతురికీ కొలబద్ద ఒకటే ఉండాలి. ఇద్దరికీ 50 అంటే ఇద్దరికీ 50. ఇద్దరినీ ప్రశ్నించండి, లేదా ఇద్దరినీ నమ్మండి.

దసరా సెలవులకి అమ్మాయి ఇంటికొచ్చింది. ప్లేస్‌మెంట్లున్నాయని పెద్దాడు రాలేదు, వరంగల్ హాస్టల్లోనే ఉండిపోయాడు. రాత్రి భోజనాలయ్యాక నేను గిన్నెలు సర్దుతుంటే ముందుగదిలోంచి కేకలు. "అన్నయ్యా, వెనకాల చూసుకో! వెనకాల... అయ్యో, పోయావా!" అని పకపకా నవ్వు. చెవులకి హెడ్‌ఫోన్లు, బల్ల మీద ల్యాప్‌టాపు, తెరలో ఇద్దరూ ఒకే జట్టు. మూడేళ్లుగా వాడు ఫోన్ చేస్తే "బాగున్నావా, తిన్నావా" తప్ప అన్నాచెల్లెళ్ల మధ్య వేరే మాట విని ఎరగను. చిన్నప్పుడు ఇదే గదిలో క్యారమ్‌బోర్డు దగ్గర కొట్టుకున్నవాళ్లే మరి.

"ఎవరు గెలిచారే?" అన్నాను గుమ్మంలోంచి.

"నేనే ఎక్కువ కొట్టానమ్మా!"

గేములెందుకే అని ఆ రోజు నేనడిగిన ప్రశ్నకి జవాబు అప్పుడు దొరికినట్టనిపించింది. చేయి తుడుచుకుని, ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.

కొట్లో అడగాల్సినవి - కత్తిరించి దాచుకోండి

* కాలేజీలో వాడే సాఫ్ట్‌వేర్లు ఇందులో నడుస్తాయా?
* ర్యామ్ 16 జీబీ ఉందా? తర్వాత పెంచుకునే వీలుందా?
* ఎస్ఎస్‌డీ 512 జీబీ ఉందా? ఇంకోటి పెట్టుకోడానికి చోటుందా?
* ప్రాసెసర్ పేరు చివర ఏ అక్షరం ఉంది?
* విడి గ్రాఫిక్స్ కార్డైతే ఎన్ని వాట్లు?
* తెర వెలుగు ఎన్ని నిట్స్?
* ఛార్జరుతో కలిపి బరువెంత?
* వారంటీ ఎన్నేళ్లు? ఇంటికొచ్చి చేస్తారా, మనమే తీసుకెళ్లాలా?
* విండోస్ ఉందా? జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు సరిపోయిందా?